ప్రతి వ్రాయు విద్య: సీడీనుండి మినీడిస్కు వరకు

ఉన్నదానిని ఉన్నట్లు మరియొకచోటికి ఎత్తి వ్రాయుట సులభమని లోకులు తలతురు. ప్రతి వ్రాసినవానికే అందలి కష్టము తెలియును. తాళపత్రములు వ్రాసిన లేఖకులు మొదలుకొని నేడు కంప్యూటరు ముందు కూర్చుండువారి వరకు అందరి చిక్కును ఒక్కటియే. మూలమునందున్న దానిలో ఎంత మిగులును? ఏది జారిపోవును? ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయువాని శ్రద్ధపై ఎంత ఆధారపడునో, అతడు ఎన్నుకొనిన మార్గముపై అంత ఆధారపడును. ఇరువది ముప్పది యేండ్ల క్రిందట సంగీతప్రియులు సీడీలనుండి మినీడిస్కులకు పాటలను ఎక్కించుకొనిన వృత్తాంతము ఇందులకు చక్కని నిదర్శనము. ఆ యంత్రము నేడు అంగళ్ళలో దొరకదు. కాని అది నేర్పిన పాఠము మన ఇండ్లలో నేటికిని అక్కరకు వచ్చునదియే.

తెలుగువారికి ప్రతిలేఖనము క్రొత్త కాదు. సి. పి. బ్రౌను (1798–1884) కడపలో పండితులను, లేఖకులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు సంపాదించి, వానిని సరిపోల్చి శుద్ధప్రతులను వ్రాయించెను. ఒక లేఖకుడు పొరబడిన అక్షరమును తరువాతివాడు అట్లే యెత్తి వ్రాయును. దానికి తనదొక తప్పును చేర్చును. ప్రతినుండి ప్రతి పుట్టినకొలది మూలము దూరమగును. బ్రౌను పెక్కు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచుకొనుటకు ఇదియే కారణము.

తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనల సంగతి మరియొక విధము. ఆ పదములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. 20వ శతాబ్ది ప్రథమార్ధమున అవి పండితుల చేతికి వచ్చి అచ్చునకు ఎక్కెను. సాహిత్యము నిలిచెను, రాగము పేరును నిలిచెను. స్వరములు వ్రాయనందున అన్నమయ్య పాడిన వరుస మాత్రము నిలువలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి మున్నగు విద్వాంసులు వానిలో కొన్నింటిని క్రొత్తగా స్వరపరచిరి. రాగి చెడలేదు. చెక్కినవారు ఏమరలేదు. అయినను ఆ గానము మనకు దక్కలేదు. ఏ సాధనము దేనిని పట్టగలదో అదియే ముందుతరములకు చేరునని దీనివలన తెలియుచున్నది.

గానమునే పట్టగల సాధనము 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫుతో లోకమునకు లభించెను. మన దేశమునకు 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ వచ్చి, కలకత్తాలో గౌహర్ జాన్ మున్నగువారి పాటలను ముద్రించెను. అది మొదలు రికార్డు గాడిలో సూది నడచినంతకాలము పాట వినబడుచుండెను. కాని ఇంటివాడు తన రికార్డునకు మరియొక ప్రతి తీసికొనుటకు వీలు లేదు. ఆ వీలును సామాన్యునకు కల్పించినది 1963లో ఫిలిప్స్ సంస్థ వెలువరించిన క్యాసెట్టు. 1980 ప్రాంతమునుండి మన పట్టణములలో పాటలు ఎక్కించి యిచ్చు దుకాణములు వెలసెను. కావలసిన పాటల పట్టిక కాగితముపై వ్రాసి యిచ్చి, నాలుగు దినములకు పోయి క్యాసెట్టు తెచ్చుకొనుట మనలో పెక్కురకు అనుభవమే. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) గానము చేసిన భగవద్గీత మొదట నల్లని రికార్డుగను, పిమ్మట క్యాసెట్టుగను, పిదప సీడీగను తెలుగిండ్లకు చేరినది. సూరతునందలి లింబాయత్, ఉధనా ప్రాంతములలో స్థిరపడిన తెలంగాణ పద్మశాలి కుటుంబములకును, ఉద్యోగరీత్యా వచ్చిన మనబోటివారికిని, ఊరినుండి వచ్చువారి సంచిలో నాలుగు క్యాసెట్లు ఉన్న అదియే పండుగ.

క్యాసెట్టునకు ఒక దోషము కలదు. దానిపై ధ్వని అయస్కాంతపు హెచ్చుతగ్గులుగా నిలుచును. టేపునకు సహజమైన బుస అందు చేరును. ఆ క్యాసెట్టునుండి మరియొకటి తీసిన బుస రెండింతలగును. మూడవదానిలో గాయకుని గొంతు దుప్పటి కప్పినట్లు వినబడును. బ్రౌను కాలపు లేఖకుల తప్పులు పేరుకొనినట్లే ఇచట బుస పేరుకొనును.

ఈ దోషమునకు మందుగా వచ్చినది సీడీ. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలసి రూపొందించిన ఈ 12 సెంటీమీటర్ల ఫలకము 1982 అక్టోబరున జపానులో అమ్మకమునకు వచ్చెను. ఇందు ధ్వని అంకెల రూపమున నుండును. సెకనునకు 44,100 పర్యాయములు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాయుదురు. ఎడమ, కుడి పాయలు రెండును కలిపి సెకనునకు 14,11,200 బిట్లగును.

దీని విశేషమును సూరతు నివాసులకు బోధపరచుటకు మన ఊరి మగ్గమే చాలును. జకార్డు మగ్గముపై చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుటను మనలో పెక్కురు చూచియే యుందురు. చిల్లున్నచోట పోగు లేచును; లేనిచోట లేవదు. ఆ లేచుట, లేవకుండుటలనుండియే చీరపై పూవు పుట్టును. ఒక చీరను కంటితో చూచి అదే పూవును మరియొక చీరపై దింపవలెనన్న, ఎంత నేర్పరియైనను రేకు కొంత సన్నగిలును, కొంత వంగును. అట్టలనే ముందుంచుకొని చిల్లునకు చిల్లు పొడిచినచో నూరవ జత అట్టలును మొదటిదానివలెనే పూవును నేయును. క్యాసెట్టునుండి క్యాసెట్టు తీయుట చీరను చూచి నేయుటవంటిది. సీడీయందలి అంకెలను అంకెలుగా దింపుకొనుట అట్టను చూచి అట్ట పొడుచుటవంటిది. ఈ భేదమును మనస్సున నుంచుకొనినచో తరువాతి కథ యంతయు తేటపడును.

సీడీ వచ్చినను సామాన్యుడు తన యింట దానిపై వ్రాసికొనుటకు తొలి సంవత్సరములలో వీలు లేకుండెను. అట్టి సమయమున, 1992 నవంబరులో సోనీ సంస్థ జపానునందు మినీడిస్కును విడుదల చేసెను. ఫలకము వ్యాసము 64 మిల్లీమీటర్లు. దుమ్ము, గీతలు సోకకుండ ఇంచుమించు 7 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్కు తొడుగులో అది యుండును. దానిపై వ్రాయు విధము మిక్కిలి చతురమైనది. లేజరు కిరణము ఒక సూక్ష్మబిందువును రమారమి 180 డిగ్రీల వరకు వేడిచేయును. ఆ వేడికి బిందువు తన అయస్కాంత ధర్మమును కోల్పోవును. అది చల్లారునపుడు ఆవలిప్రక్కనున్న అయస్కాంతము ఏ దిశ చూపునో ఆ దిశనే పట్టుకొని నిలిచిపోవును. చెరిపి మరల మరల వ్రాసికొనవచ్చును. పాటల వరుస మార్చవచ్చును, ఒక పాటను రెండుగా విడదీయవచ్చును, పేర్లు వ్రాయవచ్చును.

కాని అంత చిన్న ఫలకముపై సీడీలోని బిట్లన్నియు పట్టవు. అందుచే అట్రాక్ అను కుదింపు పద్ధతిని కల్పించిరి. పెద్ద శబ్దము ప్రక్కన మ్రోగు చిన్న శబ్దమును మన చెవి పట్టజాలదు. అట్లు వినబడనివానిని గుర్తించి విడిచివేసి, మిగిలినదానిని మాత్రము ఈ పద్ధతి వ్రాయును. ఎస్.పి. అను ప్రామాణిక విధానమున సెకనునకు సుమారు 2,92,000 బిట్లు మిగులును; అనగా సీడీలో ఇంచుమించు అయిదవ వంతు. జరీపూల చీర వెనుకవైపున వ్రేలాడు పోగులను కత్తిరించుటవంటిదిది. ఒకసారి నేర్పుతో కత్తిరించిన ముందువైపు పూవునకు హాని కనబడదు. అదే చీరకు మరల మరల కత్తెర పెట్టినచో పూవే విడిపోవును. కనుక మినీడిస్కుపై ఎక్కించువాడు మొట్టమొదట గ్రహింపవలసినది ఇది: కుదింపు ఒక్కసారియే జరుగవలెను, అంతకుముందు గాని పిమ్మట గాని మరియొక కుదింపు ఉండరాదు.

సీడీనుండి మినీడిస్కునకు చేరుటకు ప్రధానముగా మూడు దారులుండెను.

మొదటిది సామాన్యమైన తీగ దారి. సీడీ యంత్రమునుండి వెలువడు విద్యుత్ ధ్వనిని తీగద్వారా మినీడిస్కు యంత్రమునకు అందించుట. సీడీయందలి అంకెలు మొదట ధ్వనిగా మారును. ఆ ధ్వని మరల అంకెలుగా మారును. అటుపిమ్మట కుదింపు జరుగును. ఇది చీరను చూచి అట్ట పొడుచుట. ఇందు స్థాయిని ఎక్కించువాడే కుదుర్పవలెను. స్థాయి హెచ్చినచో తారస్థాయి స్వరముల శిఖరములు తెగిపోయి గరగరలాడును. తగ్గినచో నిశ్శబ్దమున సన్నని సొద వినవచ్చును. మరియొక చిక్కు కలదు. పాట ఎచట ముగిసినదో తీగ చెప్పదు. కొన్ని క్షణములు నిశ్శబ్దముండినచో యంత్రము క్రొత్త పాట ప్రారంభమైనదని గుర్తు వేసికొనును. ఆలాపనలో విద్వాంసుడు ఊపిరి తీసికొనినచోట ఒక పాట రెండగును. కరతాళధ్వనులు ఎడతెగని కచ్చేరీలో రెండు పాటలు ఒక్కటియగును.

రెండవది కాంతి దారి. సన్నని కాంతివాహక తంతిద్వారా సీడీయందలి అంకెలను అంకెలుగనే మినీడిస్కు యంత్రమునకు పంపుట. ఇచట స్థాయి కుదుర్చు పని లేదు, సొద చేరదు, పాటల మధ్య గుర్తులును వానితోబాటు వచ్చును. రెండు యంత్రములును సెకనునకు 44,100 కొలతల లెక్కనే పాటించుటచే మార్పుచేర్పులు అక్కరలేదు. జరుగు నష్టమంతయు కుదింపునందలి నష్టము ఒక్కటియే. చేతబట్టుకొని తిరుగు చిన్న సీడీ యంత్రములలో ఒక మెలకువ పాటింపవలసియుండెను. కుదుపులకు పాట తెగకుండ వానిలో ఒక సౌకర్యముండెడిది. కొన్ని యంత్రములు ఆ సౌకర్యము నడచునపుడు పాటను ముందుగా తమ జ్ఞాపికలో కుదించి నిలుపుకొనును. ఎరిగినవారు దానిని ఆపివేసి, యంత్రమును కదలకుండ బల్లపై నుంచి ఎక్కించెడివారు.

మూడవది వేగపు దారి. సీడీ, మినీడిస్కు రెండును ఒకే పెట్టెలో నున్న యంత్రములు పాటను రెట్టింపు, నాలుగింతల వేగముతో ఎక్కించెడివి. కాని ఒకే పాటను 74 నిమిషములలోపల వేగముగా రెండవసారి ఎక్కింపనీయని కట్టుబాటు వానియందుండెను. 2001లో నెట్ ఎండీ యంత్రములు వచ్చినపిమ్మట కంప్యూటరునుండియే పంపుటకు వీలు కలిగెను. ఇచటనే పెక్కురు మోసపోయిరి. 2000లో ప్రవేశించిన ఎల్.పి. విధానములలో మొదటిది సెకనునకు 132 కిలోబిట్లు, రెండవది 66 కిలోబిట్లు మాత్రమే నిలుపును. కంప్యూటరులో ఎస్.పి. అని ఎన్నుకొనినను, సోనీ సాఫ్ట్‌వేరు పాటను ముందుగా 132 కిలోబిట్లకు కుదించియే పంపెడిది. తెరపై ఎస్.పి. అని కనబడును, ఫలకములో స్థలము అంతయు పట్టును, గుణము మాత్రము తక్కువది.

కావున విజ్ఞులు కడకు తేల్చిన మార్గము రెండవదియే. కాంతి తంతితో, ఎస్.పి. విధానమున, పాట ఎంతసేపో అంతసేపును కూర్చుండి ఎక్కించుట. ఎక్కించుటకు ముందు సీడీ నిడివి చూడవలెను. 78 నిమిషముల సీడీ 74 నిమిషముల ఫలకముపై పట్టదు, 80 నిమిషములది కావలెను. ఎక్కించుట ముగిసినపిమ్మట యంత్రము తన విషయసూచికను ఫలకముపై వ్రాసికొనువరకు విద్యుత్తును ఆపరాదు. ఆపినచో పడిన శ్రమ యంతయు వ్యర్థమగును. తొందరపడువానికి ఈ దారి నచ్చదు. కాని ప్రతిలేఖనమున తొందర ఎప్పుడును మిత్రము కాదు.

ఈ విద్యకు ఒక కట్టుబాటును కలదు. సీడీనుండి అంకెలుగా ఒక్క తరము ప్రతిని మాత్రమే తీయనిచ్చు రహస్యగుర్తును యంత్రములలో అమర్చిరి. మొదటి మినీడిస్కునుండి రెండవ మినీడిస్కునకు కాంతి దారిన పంపబోయిన యంత్రము నిరాకరించును. గాయకులకు, ముద్రించిన సంస్థలకు న్యాయముగా రావలసిన ప్రతిఫలము పోకుండుటకై చేసిన ఏర్పాటిది. ఇంటి అక్కరకు ఒక ప్రతి చాలును గదా యని వారి భావము. దీనివలన ఎక్కించువాని బాధ్యత హెచ్చెను. రెండవ తరమునకు మంచి దారి మూయబడినందున, మొదటి ప్రతియే సరిగా తీయవలెను. అచట జరిగిన లోపమును పిమ్మట దిద్దుటకు ఉపాయము లేదు.

ఆ బాధ్యతను నేను నెరవేర్పలేదు. ఆ సంగతి చెప్పుకొనుటకు సిగ్గుపడుచునే ఇచట వ్రాయుచున్నాను. మా తల్లిగారికి పెండ్లిపాటలు, మంగళహారతులు వందకు తక్కువ లేకుండ వచ్చును. 2002లో మా తమ్ముడు రాజమహేంద్రవరమున ఒక ధ్వనిముద్రణశాలలో ఆమెచేత పదునెనిమిది పాటలు పాడించి సీడీపై ఎక్కించి, దానిని నాకు పంపెను. అప్పటికి మా బావగారు సింగపూరునుండి తెచ్చి యిచ్చిన మినీడిస్కు యంత్రము నాయొద్ద నుండెను. కాంతి తంతి దాని పెట్టెలోనే, విప్పని కాగితములో నుండెను. కార్యాలయమునకు పోవు తొందరలో, చేతికందిన చెవిగొట్టముల తీగనే తగిలించి, స్థాయి హెచ్చుగా నుంచి, నలువది నిమిషములలో పని ముగించితిని. తరువాత తీరికగా మరల ఎక్కింతునని అనుకొంటిని. సీడీ ఇంటనే యున్నది గదా!

మా అమ్మ 2004లో కాలధర్మము చెందెను. 2006 ఆగస్టు 7వ తేదీ మొదలుకొని ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీనది పొంగి సూరతును ముంచివేసిన సంగతి ఈ సంచిక చదువు పెద్దలెవ్వరును మరువరు. అడాజన్‌లో క్రింది అంతస్తునందున్న మా ఇంట బీరువా సగమునకు పైగా నీట నిలిచెను. ఇంట వ్రాసికొను సీడీలకు వెండివలె మెరయు పొర పైభాగముననే, పలుచని పూతక్రింద నుండును. బురదనీటిలో నాని ఆ పొర రేకులుగా లేచిపోయెను. మేడపైకి పరుగెత్తునపుడు మా అమ్మాయి తన బడిసంచిలో పెట్టుకొనినది మినీడిస్కు యంత్రము. దానిలోని ఫలకము ఒక్కటియే మిగిలెను. తమ్మునియొద్ద మరియొక ప్రతి లేదు.

ఆ పాటలు ఇప్పటికిని వినుచున్నాము. అమ్మ గొంతు అమ్మ గొంతువలెనే యున్నది. కాని ఆమె పైస్థాయి అందుకొనిన ప్రతిచోటను గరగర వచ్చును. హారతి పాటలో ఆమె ఒక్క క్షణము ఆగి దీపము సవరించుకొనినట్లున్నది. అచట యంత్రము పాటను రెండుగా విడదీసినది. ఈ రెండు లోపములును సీడీలో లేవు. పెట్టెలోని తంతిని విప్పియుండినచో నాయొద్దను ఉండెడివి కావు.

మినీడిస్కు మన దేశమున విరివిగా వ్యాపింపలేదు. జపానులో బహుళ ప్రచారము పొందినను, ఎంపీత్రీ పాటలను నిలుపు చిన్న యంత్రముల ముందు అదియును నిలువలేకపోయెను. 2004లో హై ఎండీ అను మెరుగుపరచిన రూపము వచ్చెను. దానియందు కుదింపు లేకుండగను వ్రాయుటకు వీలుండెను. సోనీ సంస్థ 2013 మార్చితో మినీడిస్కు యంత్రముల అమ్మకమును, 2025 ఫిబ్రవరితో ఖాళీ ఫలకముల ఉత్పత్తిని ముగించెను. కనుక నేడు సమస్య తలక్రిందైనది. ఎక్కించుట గాక దించుకొనుటయే ముఖ్యమైనది. 2006లో వెలువడిన ఎంజెడ్-ఆర్‌హెచ్1 అను యంత్రము, ఇంట ఎక్కించిన పాత ఫలకములలోని పాటలను అంకెలుగనే కంప్యూటరునకు అందించును. ఔత్సాహికులు నిర్మించిన ఉచిత సాఫ్ట్‌వేరు సాయమున కొన్ని నెట్ ఎండీ యంత్రములును ఈ పని చేయుచున్నవి. మా అమ్మ పాటలను ఒక మిత్రుని సాయమున ఆ విధముగనే దించుకొంటిమి. ఫలకముపై ఉన్నది ఉన్నట్లు వచ్చినది; లేనిది రాలేదు.

ఈ వృత్తాంతమును మన సంఘ సభ్యుల ముందుంచుటలో నా ఉద్దేశ్యము పాత యంత్రమును పొగడుట కాదు. మన ఇండ్లలో ఇంకను క్యాసెట్లు కలవు, సీడీలు కలవు. లింబాయత్‌లో బతుకమ్మ ఆడు వృద్ధురాండ్ర కంఠమున అచ్చునకు ఎక్కని పాటలు కలవు. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపుచున్నది గాని, ఈ పాటలు ఏ పాఠ్యపుస్తకమునను లేవు. వానిని ఎత్తి వ్రాయువాడు మూడు నియమములు పాటించిన చాలును. మూలమునకు మిక్కిలి దగ్గరిదైన దారిని ఎన్నుకొనవలెను. సీడీయైనచో దానియందలి అంకెలను కుదింపక యథాతథముగా దింపవలెను. క్యాసెట్టునుండి గాని, పాడువారి నోటినుండి గాని పట్టునపుడు స్థాయిని ముందుగా పరీక్షించి, శిఖరములు తెగకుండ చూడవలెను. పని ముగిసినపిమ్మట మూడు ప్రతులుంచి, వానిలో నొకదానిని వేరొక ఊరిలోని బంధువునకు పంపవలెను. తాపీనది మన బీరువాలోనికి వచ్చినను గోదావరి తీరమున ఒక ప్రతి మిగులును.

తంతి పెట్టెలో నుండగా చేతికందిన తీగను తగిలించుట నాతోనే ముగియవలెనని కోరుచు, ఈ దీపావళి సెలవులలో సభ్యులెల్లరును తమ బీరువాలు ఒకసారి తెరచి చూడవలసినదిగా ప్రార్థించుచున్నాను.